విశాఖ–ముంబై–లండన్: టీ1లో దిగి టీ2లో ఎక్కడానికి 3 గంటల 20 నిమిషాలు చాలా?

ముందు మీ ప్రశ్న నాకు సరిగ్గా అర్థమైందో లేదో చూసుకుందాం. లండన్‌లో ఉన్న మీ దగ్గరికి అమ్మానాన్నలు వస్తున్నారు. ఇద్దరికీ అరవై దాటాయి, అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. విశాఖ నుంచి ముంబైకి ఒక సంస్థ విమానం, రాత్రి 9.40కి టెర్మినల్ 1లో దిగుతుంది. ముంబై నుంచి లండన్‌కి వేరే సంస్థ విమానం, ఒంటిగంటకి టెర్మినల్ 2 నుంచి బయల్దేరుతుంది. లండన్‌కి రానూపోనూ టికెట్, విశాఖ టికెట్ విడివిడిగా కొన్నారు. విశాఖకి తిరుగు టికెట్ ఇంకా కొనలేదు. మనిషికి రెండు పెట్టెలు. మధ్యలో 3 గంటల 20 నిమిషాలు ఉంది, చాలుతుందా అని అడిగారు.

అన్నీ అనుకున్నట్టు జరిగితే చాలుతుంది. అయినా ఆ టైమింగ్ మీద వాళ్లని పంపొద్దనే చెబుతాను. విశాఖ టికెట్ మార్చండి. నేను ముంబైలో ఆరేళ్లు ఒక విదేశీ విమాన సంస్థ చెక్-ఇన్ కౌంటర్‌లో పనిచేశాను. ఆ తర్వాత పదకొండేళ్లుగా కాకినాడలో టికెట్లు బుక్ చేస్తున్నాను. కౌంటర్‌కి రెండు వైపులా నిలబడినవాణ్ణి కాబట్టి, ఎందుకు వద్దంటున్నానో వివరంగా రాస్తాను.

మీరు 9.40 నుంచి 1.00 దాకా లెక్క వేసుకున్నారు. ఆ రెండు అంకెలూ మీ లెక్కకి పనికిరావు. ఒంటిగంటకి విమానం కదులుతుంది, కానీ చెక్-ఇన్ కౌంటర్ దానికి గంట ముందే మూసేస్తారు. అంతర్జాతీయ విమానాలకి ఎక్కువ సంస్థల పద్ధతి ఇదే, కొన్ని 75 నిమిషాల ముందే మూస్తాయి. మీ టికెట్ కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, చూడండి. అంటే మీ గడువు 12.00. ఇక 9.40 అనేది విమానం వచ్చి ఆగే టైమ్. అక్కడి నుంచి తలుపు తీయాలి, ముందు వరసల వాళ్లు దిగాలి. దూరంగా ఆపితే బస్సులో టెర్మినల్‌కి తీసుకొస్తారు. తర్వాత బెల్ట్ దగ్గర నాలుగు పెట్టెలూ రావాలి. అన్నీ బాగా జరిగినా వాళ్లు ట్రాలీ తోసుకుంటూ టీ1 బయటికి వచ్చేసరికి 10.30 అవుతుంది.

ముంబైలో ఈ రెండు టెర్మినళ్లనీ తెలియనివాళ్లు పక్కపక్కనే ఉన్నాయనుకుంటారు. రెండిటికీ రన్‌వేలు అవే గానీ టీ1 శాంతాక్రుజ్, విలేపార్లే వైపు ఉంటుంది, టీ2 అంధేరీ తూర్పున సహార్ వైపు ఉంటుంది. లోపల నడిచి వెళ్లే దారి లేదు. రోడ్డు మీద నాలుగైదు కిలోమీటర్లు. ఖాళీగా ఉంటే టాక్సీలో పావుగంట. వాన పడుతూ ట్రాఫిక్ ఆగిపోతే నలభై నిమిషాలు పట్టిన రోజులు నేనే చూశాను. కనెక్షన్ ఉన్న ప్రయాణికుల కోసం ఎయిర్‌పోర్టు కోచ్ ఉంటుంది. దిగిన చోట హెల్ప్‌డెస్క్‌లో ముందుకెళ్లే టికెట్ చూపించి అడగాలి. బస్సు సిద్ధంగా ఉంటే ఎక్కండి, లేకపోతే దానికోసం కాచుకుని కూర్చోకుండా టాక్సీ తీసుకోండి. 2024 అక్టోబరులో మొదలైన మెట్రో 3వ లైన్‌కి టీ1 దగ్గరా టీ2 దగ్గరా స్టేషన్లు ఉన్నాయి, మధ్యలో సహార్ రోడ్ ఒక్కటే. పగటిపూట, చేతిలో చిన్న బ్యాగు ఉన్న కుర్రాళ్లకి దానికన్నా మంచి దారి లేదు. రాత్రి పదిన్నర దాటాక దాన్ని నమ్ముకోవద్దు, నాలుగు పెద్ద పెట్టెలతో అసలే వద్దు.

టీ2 చేరాక గుమ్మం దగ్గర కాపలా ఉండే సీఐఎస్‌ఎఫ్ వాళ్లు పాస్‌పోర్టు, టికెట్ చూసి లోపలికి పంపుతారు. రాత్రి పది నుంచి రెండు దాకా యూరప్, గల్ఫ్ విమానాలు వరసగా ఉంటాయి కాబట్టి గుమ్మం దగ్గరే క్యూ ఉంటుంది. వాళ్లు కౌంటర్ ముందు లైన్‌లో నిలబడేసరికి 11.20 అనుకోండి. గడువు 12.00. మీ చేతిలో మిగిలింది 40 నిమిషాలు. విశాఖ విమానం ఆ మాత్రం లేటైతే అంతే సంగతులు.

అది లేటయ్యే అవకాశం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీరు ఎంచుకున్నది సాయంత్రం విమానం. దేశంలో తిరిగే విమానం పొద్దున్న మొదలుపెట్టి ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తిరుగుతూనే ఉంటుంది. పొద్దున్న ఎక్కడో జరిగిన ఇరవై నిమిషాల ఆలస్యం ఊరు మారినకొద్దీ పెరుగుతూ సాయంత్రానికి గంట అవుతుంది. పైగా ముంబైలో రెండు రన్‌వేలు ఉన్నా అవి ఒకదానికొకటి అడ్డంగా దాటుతాయి. రెండింటినీ ఒకేసారి పూర్తిగా వాడుకునే వీలు లేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలో దిగాల్సిన విమానాలు ఆకాశంలోనే గుండ్రంగా తిరుగుతూ వంతు కోసం చూస్తుంటాయి. విశాఖలో విమానం టైమ్‌కే లేచినా ముంబై మీద అరగంట తిరగడం పెద్ద విశేషమేమీ కాదు. ఢిల్లీ మీదుగా వెళ్తేనో డిసెంబరు, జనవరి పొగమంచు ఉంటుంది.

ఇంతవరకూ నిమిషాల లెక్క. నిజానికి నన్ను ఎక్కువ భయపెట్టేది ఇది కాదు, రెండు టికెట్లు వేరు కావడం.

ఒకే టికెట్ మీద విశాఖ–ముంబై–లండన్ కొన్నప్పుడు, మొదటి విమానం లేటై రెండోది తప్పిపోతే, తర్వాతి విమానంలో పంపించే బాధ్యత సంస్థదే. అదనంగా టికెట్ డబ్బు అడగరు. అలాంటి టికెట్ అమ్మేముందు ప్రతి ఎయిర్‌పోర్టుకీ, టెర్మినల్‌కీ ఉన్న కనీస కనెక్షన్ టైమ్ చూసే అమ్ముతారు. మేం దాన్ని ఎంసీటీ అంటాం. వేర్వేరు టికెట్లకి ఆ రక్షణ లేదు. లండన్ సంస్థ కంప్యూటర్‌లో మీ అమ్మానాన్నలు ముంబైలోనే ఉంటున్న ఇద్దరు మనుషులు. విశాఖ విమానం గురించి దానికి తెలియదు. రానందుకు 'నో-షో' అని రాసుకుని ఊరుకుంటుంది. నో-షో పడితే చాలామందికి తెలియని ఇంకో దెబ్బ ఉంది. రానూపోనూ టికెట్‌లో వెళ్లే ప్రయాణం చేయకపోతే తిరుగు ప్రయాణం కూడా రద్దయిపోతుంది. మీరు లండన్ టికెట్ రెండు వైపులా కొన్నారు కాబట్టి ఇది మీకు నేరుగా తగులుతుంది.

కొన్ని బుకింగ్ వెబ్‌సైట్లు రెండు సంస్థల టికెట్లని ఒకే పేమెంట్‌లో అమ్ముతాయి. డబ్బు ఒక్కసారే కట్టాం కాబట్టి ఒకే టికెట్ అనుకుంటారు. అలా కాదు. పీఎన్‌ఆర్ ఒక్కటే కనిపించినా దాన్నే నమ్మకండి, ఈ-టికెట్ నంబరు చూడండి. అది 13 అంకెలు ఉంటుంది, మొదటి మూడు అంకెలు సంస్థవి. ఎయిర్ ఇండియా అయితే 098, బ్రిటిష్ ఎయిర్‌వేస్ అయితే 125. విశాఖ నుంచి లండన్ దాకా అన్నీ ఒకే 13 అంకెల నంబరు కింద ఉంటేనే అది ఒకే టికెట్. 'సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్' అనే మాట ఎక్కడైనా కనిపిస్తే పెట్టెలు తీసుకోవడం, టెర్మినల్ మారడం, విమానం తప్పితే భరించడం అన్నీ మీ మీదే అని అర్థం.

ఉద్యోగంలో చేరిన రెండో నెలలో జరిగింది చెబుతాను. కౌంటర్ మూసి ఆరు నిమిషాలైంది. మన వైపు నుంచే ఒక పెద్దాయన, ఆయన భార్య పరుగెత్తుకుంటూ వచ్చారు. పెట్టెలకి నైలాన్ తాడు చుట్టి ఉంది. ఆయన నా పేరు పట్టీ చూసి తెలుగువాణ్ణని పోల్చుకుని, 'బాబూ, ఆ విమానమే గంటన్నర లేటుగా వచ్చింది, మా తప్పేముంది?' అన్నారు. ఆయన తప్పు లేదు. కానీ అప్పటికి ప్రయాణికుల లెక్క, బరువు లెక్క విమానం దగ్గరికి వెళ్లిపోయాయి, పెట్టెలు స్కానింగ్ దాటి లోడింగ్‌కి వెళ్తున్నాయి. సూపర్‌వైజర్‌ని అడిగాను, కుదరలేదు. టికెట్లు కొనిపెట్టిన కొడుకు ఫోన్‌లో ఏడుస్తున్నాడు. పన్నెండు వేలు ఆదా అవుతుందని వేర్వేరుగా కొన్నాడట. మర్నాటికి కొత్త టికెట్లు కొన్నప్పుడు అయిన ఖర్చు దానికి ఎన్నో రెట్లు. ఆవిడ ఆ రాత్రంతా టెర్మినల్ బయట బెంచీ మీద కూర్చున్నారు. టికెట్లు బుక్ చేసే పనిలోకి వచ్చాక, పెద్దవాళ్లకి విడి టికెట్లు అడిగినవాళ్లందరికీ ఈ సంగతి చెప్పే బుక్ చేస్తున్నాను.

ఇక మీ విషయానికి. టికెట్లు కొనేశారు కాబట్టి, తక్కువ ఖర్చుతో సరిదిద్దే దారి విశాఖ టికెట్ మార్చడం. ముంబైకి మధ్యాహ్నంలోపు చేరే విమానానికి మార్చండి. కొన్ని వేలు పోతాయి, పోనివ్వండి. వీలైతే టీ2లోనే దిగే విమానం చూడండి. ఎయిర్ ఇండియా దేశీయ విమానాలు టీ2కే వస్తాయి. ఇండిగో విమానాలు కొన్ని టీ1కి, కొన్ని టీ2కి వస్తాయి, ఒకే ఊరి నుంచి వచ్చేవి కూడా వేర్వేరు టెర్మినళ్లలో దిగవచ్చు. ఆకాశా, స్పైస్‌జెట్ అయితే టీ1. టీ2లోనే దిగితే పెట్టెలు తీసుకుని లిఫ్ట్‌లో పై అంతస్తుకి వెళ్లడమే, రోడ్డు ఎక్కే పని లేదు. పెద్దవాళ్లకి ఈ ఒక్క మార్పుతోనే సగం టెన్షన్ తగ్గుతుంది.

మధ్యాహ్నం చేరితే రాత్రి దాకా ఎక్కడుండాలి అని అడుగుతారు. కౌంటర్ మూడు నాలుగు గంటల ముందు గానీ తెరవరు. ఎనిమిది గంటల ముందే వెళ్తే గుమ్మం దగ్గర సీఐఎస్‌ఎఫ్ వాళ్లు ఆపవచ్చు. అందుకని అంధేరీ తూర్పున, టీ2కి దగ్గర్లో ఒక హోటల్ గది తీసుకోండి. పగటిపూట కొన్ని గంటలకే గది ఇచ్చేవి అక్కడ ఉన్నాయి. టీ2లోనే ట్రాన్సిట్ హోటల్ కూడా ఉంది, ఖరీదు ఎక్కువ. అమ్మగారు కాళ్లు చాపుకుని నాలుగు గంటలు పడుకుని, భోజనం చేసి, తొమ్మిదింటికి తాపీగా ఎయిర్‌పోర్టుకి వెళ్తారు. తొమ్మిది గంటల పైన విమానంలో కూర్చోవాల్సినవాళ్లకి ఆ పడక విలాసమేమీ కాదు.

లండన్ టికెట్ రద్దుకి పెద్దగా కోత లేకపోతే మాత్రం అసలు ముంబై మానేయమంటాను. హైదరాబాద్ నుంచి లండన్ హీత్రోకి బ్రిటిష్ ఎయిర్‌వేస్ నేరుగా నడుపుతోంది. శంషాబాద్‌లో దేశీయ, అంతర్జాతీయ విమానాలన్నీ ఒకే టెర్మినల్ భవనంలో ఉంటాయి. దిగి, పెట్టెలు తీసుకుని, పైకి వెళ్లి చెక్-ఇన్ చేయడమే. విశాఖ నుంచి గంట విమానం, కావాలంటే వందేభారత్‌లో ముందురోజే సికింద్రాబాద్ వచ్చి బంధువుల ఇంట్లో ఉండి కూడా వెళ్లవచ్చు. లేదంటే విశాఖ నుంచి లండన్ దాకా ఎయిర్ ఇండియాలో ఒకే టికెట్ ఉంటుంది. ఇండిగో, వర్జిన్ అట్లాంటిక్‌ల మధ్య కోడ్‌షేర్ ఒప్పందం ఉంది (ఒకరి విమానంలో సీట్లు ఇంకొకరు తమ టికెట్‌గా అమ్ముతారు), అలాంటివి కూడా ఒకే టికెట్‌గా దొరుకుతాయేమో చూడండి. ఒకే టికెట్ అయితే పెట్టెల బరువు కూడా మామూలుగా అంతర్జాతీయ లెక్కలోనే విశాఖ నుంచి ఒప్పుకుంటారు. మీ ఇప్పటి పద్ధతిలో విశాఖ విమానానికి మనిషికి 15 కిలోలే, లండన్‌కి మాత్రం 23 కిలోల పెట్టెలు. మిగతా బరువుకి విశాఖలో కిలో చొప్పున కట్టాలి. ముందే ఆన్‌లైన్‌లో కడితే కౌంటర్ ధర కన్నా తక్కువ పడుతుంది. చౌకగా వచ్చాయనుకున్న టికెట్లలో ఈ ఖర్చు ఎవరూ కలుపుకోరు.

ఏ కారణం చేతనైనా ఇదే టైమింగ్‌తో పంపక తప్పకపోతే, ఇలా చేయండి.

వీల్‌చైర్ రెండు టికెట్లలోనూ విడివిడిగా బుక్ చేయాలి. విశాఖ సంస్థ ఇచ్చే వీల్‌చైర్ టీ1 బయటి దాకానే. అక్కడి మనిషి టీ2 దాకా రాడు. లండన్ సంస్థ వీల్‌చైర్ టీ2 లోపల మొదలవుతుంది. మధ్యలో టాక్సీ ఎక్కడం, దిగడం, ట్రాలీ తేవడం అన్నీ నాన్నగారి మీదే పడతాయి. ఇంకో విషయం, వీల్‌చైర్ అడిగినవాళ్లని విమానంలోంచి ఆఖర్న దించుతారు. కుర్చీ వచ్చేదాకా పదిహేను ఇరవై నిమిషాలు పోవచ్చు. అమ్మగారు కాస్త నడవగలిగితే ముంబైలో దిగేటప్పుడు ముందు వరస సీటు కొని నడిపించండి, టీ2లో మాత్రం తప్పకుండా వీల్‌చైర్ తీసుకోండి. అక్కడ చెక్-ఇన్, ఇమిగ్రేషన్, సెక్యూరిటీ మూడు చోట్లా అది టైమ్ కలిసొచ్చేలా చేస్తుంది.

పెట్టెలు నాలుగు కాకుండా రెండు చేయండి. ముంబైలో మీ స్నేహితుడో, బంధువో ఒకరు టీ1 బయట కారుతో నిలబడగలిగితే ఆ సాయం అన్నిటికన్నా పెద్దది. లేకపోతే టాక్సీ మీరే లండన్ నుంచి యాప్‌లో బుక్ చేసి, బండి నంబరు నాన్నగారికి ఫోన్ చేసి చెప్పండి. టీ2 అని మాత్రం కాకుండా 'ఇంటర్నేషనల్ డిపార్చర్' అని చెప్పమనండి, లేకపోతే కిందనున్న అరైవల్స్ దగ్గర దింపేస్తారు.

రెండు విమానాలకీ ఇంటి దగ్గరే వెబ్ చెక్-ఇన్ చేయండి. లండన్ విమానానికి వెబ్ చెక్-ఇన్ అయినా వీసా చూడ్డానికి, పెట్టెలు వేయడానికి కౌంటర్‌కి వెళ్లాల్సిందే. అందుకని పాస్‌పోర్టు, వీసా కాగితం, తిరుగు టికెట్, మీ చిరునామా, ఫోన్ నంబరు ఒక ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి నాన్నగారి భుజం సంచిలో ఉంచండి, పెట్టెలో వద్దు. ఫోన్‌లో ఉన్నాయని కాగితాలు మానేయకండి. ఆ గుమ్మం దగ్గర ఫోన్ చార్జింగ్ అయిపోయి నిలబడిపోయిన పెద్దవాళ్లని చాలామందిని చూశాను.

ఆవకాయ సంగతి కూడా చెప్పాలి. సీసా చేతిసంచిలో పెట్టుకుని విశాఖలో సెక్యూరిటీ దాటినా, టీ2లో అంతర్జాతీయ సెక్యూరిటీ దగ్గర 100 మిల్లీలీటర్లు మించిన ద్రవాలు, పచ్చళ్లు ఆపేస్తారు. అప్పటికి పెట్టెలు లోపలికి వెళ్లిపోయి ఉంటాయి. ఏడాది పచ్చడి అక్కడే చెత్తబుట్టలో పడేయాల్సి వస్తే అమ్మగారి బాధ చూడలేం. మొదటే పెట్టెలో, రెండు కవర్లలో బాగా చుట్టి పెట్టించండి. నెయ్యి అసలు పంపొద్దని చెప్పండి. మన దేశం నుంచి పాల పదార్థాలు, మాంసం బ్రిటన్‌లోకి రానివ్వరు.

కౌంటర్ దాటి పెట్టెలు వేశాక భయం చాలావరకు తగ్గుతుంది. పెట్టె లోపలికి వెళ్లిన ప్రయాణికుణ్ణి వదిలేసి విమానం కదలాలంటే ఆ పెట్టెని వెతికి దించాలి. కాబట్టి సంస్థే మైకులో పిలుస్తుంది, మనుషుల్ని పంపి వెతికిస్తుంది. మీ పోరాటమంతా 12.00 లోపు కౌంటర్ చేరడం గురించే.

విమానం తప్పేలా ఉందని తెలిసినప్పుడు ఏం చేయాలో ముందే ఇంట్లో అనుకుని ఉంచుకోండి. విశాఖలో విమానం గంట లేటు అని మెసేజ్ వచ్చిన నిమిషంలోనే మీరు లండన్ సంస్థకి ఫోన్ చేయాలి, ముంబై చేరాక చూద్దాం అనుకోకూడదు. లండన్ విమానం బయల్దేరకముందే తర్వాతి రోజుకి మార్పించుకుంటే మార్పు ఫీజు, ధర తేడా కట్టి బయటపడతారు, తిరుగు టికెట్ కూడా మిగులుతుంది. నో-షో అయ్యాక చేయగలిగింది చాలా తక్కువ. విశాఖ సంస్థ దగ్గర ఇన్ని గంటలు ఆలస్యమైందని రాతపూర్వకంగా తీసుకోమని నాన్నగారికి చెప్పండి, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కి అది కావాలి. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు 'మిస్డ్ కనెక్షన్' ఉందో లేదో ఒక్కటే చూస్తారు. వేర్వేరు టికెట్లకి వర్తిస్తుందా, మధ్యలో కనీసం ఎన్ని గంటలు ఉండాలంటున్నారు, దేశంలోపలి ప్రయాణానికి కూడా ఉందా అన్నది పాలసీ కాగితంలో చదవండి. చాలా పాలసీల్లో మెలిక అక్కడే ఉంటుంది.

ఇప్పుడే సరిచూసుకోవాల్సినవి రెండు. ఒకటి తేదీ. ఒంటిగంట విమానం అంటే తేదీ మారిపోతుంది. లండన్ టికెట్ మీద 13 అని ఉంటే విశాఖ నుంచి 12 రాత్రికే ముంబై చేరాలి. రెండు టికెట్లూ 13కే కొనేసి, 13 సాయంత్రం సూట్‌కేసులతో విశాఖ ఎయిర్‌పోర్టుకి బయల్దేరినవాళ్లు ఏటా నాకు ఇద్దరు ముగ్గురు తగులుతారు. అప్పటికి వాళ్ల లండన్ విమానం వెళ్లిపోయి పదహారు, పదిహేడు గంటలై ఉంటుంది.

రెండోది, ఏ ముంబై అన్నది. నవీ ముంబై ఎయిర్‌పోర్టు నుంచి 2025 డిసెంబరు 25న విమానాలు మొదలయ్యాయి. యాప్‌లో ముంబై అని వెతికితే రెండూ కలిపి చూపిస్తుంది. పాత ఎయిర్‌పోర్టు కోడ్ బీఓఎం, నవీ ముంబైది ఎన్ఎంఐ. రెండింటి మధ్య రోడ్డు మీద ముప్పై కిలోమీటర్ల పైనే, అదీ ముంబై ట్రాఫిక్‌లో. విశాఖ టికెట్ మార్చేటప్పుడు మంచి టైమ్, తక్కువ ధర కనిపించి ఎన్ఎంఐ నొక్కేసే ప్రమాదం ఉంది, జాగ్రత్త. మార్చాక కూడా రెండు వారాలకోసారి రెండు టికెట్లూ తెరిచి చూడండి. సంస్థలు టైమింగ్‌లు, టెర్మినళ్లు మారుస్తుంటాయి. మీ టికెట్లు వేరు కాబట్టి ఒకదాని టైమ్ మారితే రెండోది దానంతటది మారదు.

విశాఖకి తిరుగు టికెట్ కొనేటప్పుడు మాత్రం మధ్యలో కనీసం ఐదు గంటలు పెట్టండి, దేశీయ విమానం టీ2 నుంచి ఉండేలా చూడండి. ముంబైలో దిగాక ఇమిగ్రేషన్ క్యూ ఉంటుంది, పెట్టెలు అక్కడే తీసుకుని కస్టమ్స్ దాటాలి, ఆ తర్వాతే విశాఖ చెక్-ఇన్. దానికి కౌంటర్ గంట ముందు మూస్తారు. మీరు పెట్టిచ్చే చాక్లెట్లు, స్వెట్టర్లతో బరువు 15 కిలోలు ఎలాగూ దాటుతుంది, ఆ అదనపు బరువు టికెట్‌తో పాటే కొనేయండి. లండన్ విమానం ముంబైలో అర్ధరాత్రి దిగేటట్టయితే ఆ రాత్రికి మళ్లీ అంధేరీలో గది తీసుకుని, పొద్దుటి విశాఖ విమానం ఎక్కించండి.